సిలబస్‌లో లేని పుస్తకాలు

పీజీలో చేరిన మొదటి వారంలోనే మా చేతికి రీడింగ్ లిస్టులు వచ్చేశాయి. ఒక్కో పేపర్‌కి ఒక్కో లిస్టు, పిన్ను కొట్టిన కాగితాల కట్ట. అందులో రెండు భాగాలు: తప్పనిసరిగా చదవాల్సినవి, వీలుంటే చదవాల్సినవి. రెండోవి కూడా తప్పనిసరేననీ, కాకపోతే కాస్త మర్యాదగా రాశారనీ సీనియర్లు ముందే చెవిలో వేశారు. వారానికో పుస్తకం, దానికి తోడు రెండు మూడు వ్యాసాలు. అలాంటి పేపర్లు మూడు. మాది చరిత్ర కాబట్టి పుస్తకాలు సన్నగా ఉండే ప్రశ్నే లేదు.

ఆ బరువు ఎంతో లెక్క కట్టి చూసుకున్నది మాత్రం చాలా ఏళ్ల తర్వాత. మార్క్ బ్రిస్‌బార్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అంతకుముందు జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసి, 2019లో ఒక వ్యాసం వేశాడు. పెద్దవాళ్లు ఇంగ్లీషులో మనసులో చదువుకునే సగటు వేగం కథలూ నవలలూ అయితే నిమిషానికి 260 మాటలు, మిగతా రచనలైతే 238 మాటలు అని అందులో తేల్చాడు. అంటే లక్ష మాటల పుస్తకానికి 7 గంటలు. మూడు పేపర్లకు మూడు పుస్తకాలు, 21 గంటలు. అదీ నోట్సు రాసుకోకుండా, అర్థం కాని పేరా మళ్లీ చదవకుండా, మధ్యలో కిటికీలోంచి బయటికి చూడకుండా. ఇంగ్లీషు సొంత భాష కాని మాలాంటివాళ్లకు ఇంకా ఎక్కువే పడుతుంది. వ్యాసాలు వేరే, క్లాసులు వేరే, సెమినార్ ముందురోజు టెన్షన్ వేరే.

మా బ్యాచ్‌లో కొందరు డిగ్రీ చేతికొచ్చేదాకా నవల ముట్టమని ఒట్టేసుకున్నారు. ఇంకొందరు చదివేవాళ్లు, కానీ దొంగతనంగా. ఎవరైనా గదిలోకి వస్తే పుస్తకం దిండు కింద పెట్టేవాళ్లు. ఇరవై దాటినవాళ్లం, ఎవరికి భయపడ్డామో ఇప్పటికీ అర్థం కాదు.

టైమ్ లేదన్నది నిజమే కానీ, నా విషయంలో అసలు చిక్కు టైమ్ కాదు. ఆదివారం మధ్యాహ్నాలు ఖాళీగానే దొరికేవి. ఎంతో ఇష్టంగా వెంట తెచ్చుకున్న నవలలు తల దగ్గరే ఉండేవి. తీసి పట్టుకుంటే చదువు సాగేది కాదు. చేయి పెన్సిల్ కోసం వెతికేది. ముప్పై పేజీలైనా కాకముందే, ఇంతకీ ఈయన వాదన ఏమిటి, దీన్ని ఎవరికి జవాబుగా రాశాడు, ఈ అధ్యాయం లేకపోయినా నడిచేది కదా అని బుర్ర లోపల సెమినార్ మొదలయ్యేది. అప్పట్లో చదివిన డిటెక్టివ్ నవల ఒకటి ఇంకా నా దగ్గరుంది. పనిమనిషి వాంగ్మూలం ఉన్న పేజీ అంచున నా రాతతోనే 'ఆధారం?' అని ఉంది. దాని కింద రెండు గీతలు కూడా!

లూయీస్ రోజెన్‌బ్లాట్ అనే సాహిత్య సిద్ధాంతకర్త 1978లో దీని గురించే రాసింది. చదివాక వెంట ఏం తీసుకుపోవాలా అని చూస్తూ చదవడం ఒకటి, చదువుతున్నంతసేపూ లోపల ఏం జరుగుతోందో దానిలో ఉండిపోవడం ఇంకొకటి అంటుంది ఆవిడ. తేడా పుస్తకంలో లేదు, చదివే మనిషి తీరులో ఉంది. ఒకే పుస్తకాన్ని రెండు రకాలుగానూ చదవొచ్చు. నాకు అప్పట్లో మొదటి తీరు అంత బాగా అలవాటు చేశారు మరి, రెండోది జారిపోయింది.

ముందు దారికొచ్చింది సిలబస్ చదువే. అది మా మేడమ్ ఒకావిడ చలవ. ఒకరోజు సెమినార్‌లో, మేమంతా పూర్తిచెయ్యలేక తల దించుకుని కూర్చున్న లావుపాటి పుస్తకాన్ని ఆవిడ మా ముందే విప్పి చూపించారు. మొదట విషయసూచిక. తర్వాత కృతజ్ఞతలు. ఎవరి దగ్గర చదువుకున్నాడో, ఎవరితో పడదో అక్కడే తెలిసిపోతుందన్నారు. తర్వాత ఆఖరి అధ్యాయం. ఆ తర్వాత వెనకున్న ఇండెక్సులో వేలు పెట్టి పైనుంచి కిందికి లాగుతూ, ఏ పేరు పక్కన పేజీ నంబర్లు ఎక్కువున్నాయో చదివి వినిపించారు. పుస్తకం దేని చుట్టూ తిరుగుతోందో ఆ నంబర్లే చెప్పేశాయి. ఇంత అయ్యాకే ముందుమాటకు వచ్చి, అక్కణ్నుంచి ఏ రెండు అధ్యాయాలు అక్షరం వదలకుండా చదవాలో నిర్ణయించుకోమన్నారు. "మొత్తం చదివారా అని నేను అడగను. ఈయన ఎవరితో పోట్లాడుతున్నాడో చెప్పండి, చాలు" అన్నారు.

ఇది స్పీడ్ రీడింగ్ కాదు. ఆ కోర్సుల ప్రకటనలు చూసి మాలో ఒకరిద్దరు ఆశపడ్డారు. కంటి కదలికల మీద జీవితమంతా పనిచేసిన కీత్ రేనర్, ఆయన సహచరులూ 2016లో వేసిన సమీక్ష ఆ ఆశ మీద నీళ్లు చల్లింది. వేగం పెంచితే అర్థం చేసుకోవడం తగ్గుతుంది, రెండూ కలిసి రావు అని. మేడమ్ నేర్పింది తొందరగా చదవడం కాదు, ఏది చదవక్కర్లేదో ధైర్యంగా తేల్చుకోవడం. ఏ లిస్టులోనైనా ప్రతి పుస్తకానికీ ఒకే మర్యాద చేయనక్కర్లేదని తెలిశాక నాకు వారంలో కొన్ని సాయంత్రాలు మిగిలాయి.

ఆ సాయంత్రాల్ని ఏం చేసుకోవాలో మాత్రం మేడమ్ చెప్పలేదు. చెప్పింది నా రూమ్మేట్. ఆమెది సాహిత్యం. మిగతావాళ్లమంతా "నీకేంటమ్మా, నవలలు చదవడమే నీ చదువు" అని ఆటపట్టించేవాళ్లం. ఆమె బాధ వేరు. చిన్నప్పట్నుంచీ ప్రాణంగా చూసుకున్న రచయిత్రి ఒకరు సిలబస్‌లో వచ్చారు. సెమిస్టర్ అయ్యేసరికి ఆ పుస్తకం నిండా రంగురంగుల కాగితపు చీటీలు. మళ్లీ దాన్ని తెరవబుద్ధి కావట్లేదంది. మరి ఇష్టానికి ఏం చదివేదంటారా? లెక్కల పజిళ్లు, అట్లాసులు. రాత్రిపూట అట్లాసు గుండెల మీద పెట్టుకుని, ఎప్పుడూ వెళ్లే అవకాశం లేని దీవుల పేర్లు పైకి చదివేది. "దీని మీద నన్నెవరూ పేపర్ అడగరు" అనేది. మా గదికి ఆమె పెట్టిన రూలు ఒకటుంది: ఇష్టానికి చదివే పుస్తకం గురించి పక్క మంచం మీదున్నవాళ్లు 'ఎందుకు చదువుతున్నావు' అని అడగకూడదు.

ఆ రూలుకు నేను ఇంకొన్ని చేర్చుకున్నాను. టేబుల్ సిలబస్‌కి, నేల మీద పరిచిన చాప నవలకి. చాప మీదికి పెన్సిల్ రాకూడదు. రోజుకిన్ని పేజీలని పెట్టుకోకూడదు. నచ్చకపోతే సగంలో, పావులో, మొదటి పేజీలో ఎక్కడైనా వదిలెయ్యొచ్చు. సిలబస్ పుస్తకాన్ని అలా వదిలెయ్యలేం కదా, ఆ కసి ఇక్కడ తీర్చుకునేదాన్ని. ఏం చదవాలన్నదానికి లిస్టు ఉండకూడదు, లిస్టులతో అప్పటికే విసిగిపోయి ఉన్నాం. లైబ్రరీలో తిరిగొచ్చిన పుస్తకాలు సర్దడానికి పెట్టే ట్రాలీ ఉంటుంది చూడండి, నా ఎంపికంతా దాని మీంచే. ఎవరో ఒకరు ఈ మధ్యే చదివి తెచ్చిచ్చారన్న సిఫార్సు చాలు. సిలబస్ పుస్తకాలు రిజర్వ్ షెల్ఫులో, రాత్రికి తీసుకెళ్లి పొద్దున్నే తెచ్చివ్వాల్సిన షరతు మీద దొరికేవి. ట్రాలీ మీది నవలకు రోజుల తరబడి గడువు. ఆ తీరిక కూడా ఒక రుచే.

విక్టర్ నెల్ అనే పరిశోధకుడు సరదాకి చదివేవాళ్ల మీద చేసిన పరిశోధనను 1988లో పుస్తకంగా తెచ్చాడు. తమకు బాగా నచ్చిన పేజీల దగ్గరికి వచ్చేసరికి వాళ్ల వేగం తగ్గుతుందని అందులో ఉంది. చాప మీద నాకు జరిగిందీ అదే. టేబుల్ దగ్గర ముఖ్యమైన చోట వెతికి పట్టుకుని మిగతాది దాటెయ్యడం, చాప మీదేమో బాగున్న చోట ఆగిపోవడం.

ఇష్టానికి చదవడం మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు డార్విన్‌ని తెస్తారు. ఆయన 1876లో రాసుకున్న ఆత్మకథలో, ముప్పై ఏళ్లదాకా కవిత్వం ఎంతో ఇష్టంగా ఉండేదనీ, తర్వాత ఒక్క లైను కూడా భరించలేకపోయాననీ, మెదడు వాస్తవాల కుప్పల్లోంచి సూత్రాలు పిండే యంత్రమైపోయిందనీ వాపోయాడు. మళ్లీ బతికే అవకాశముంటే వారానికొక్కసారైనా కొంత కవిత్వం చదవాలని నియమం పెట్టుకునేవాణ్నన్నాడు. విద్యార్థులకు హెచ్చరికగా ఇంతవరకే చెబుతారు. నాకు నచ్చేది ఆ పక్కనే ఉన్న సంగతి. కవిత్వం పోయినా ఆయనకు నవలలు పోలేదు. రోజూ విశ్రాంతి వేళ భార్య ఎమ్మా చదువుతుంటే వినేవాడు. నవలా రచయితలందర్నీ దీవించేవాడు. కథ విషాదంగా ముగించకుండా ఒక చట్టం తేవాలన్నాడు. గొప్ప సాహిత్యమే చదవాలన్న పట్టింపు ఆయనకు లేదు. ఇంకో ముచ్చట: పుస్తకం మరీ బరువుగా ఉంటే పట్టుకోవడానికి వీలుగా రెండుగా కోసేసేవాడని కొడుకు ఫ్రాన్సిస్ రాశాడు. రిజర్వ్ షెల్ఫ్ పుస్తకాలు చూసి నాకూ ఆ ఆలోచన వచ్చింది గానీ, ఫైన్ కట్టే స్తోమత లేదు.

ఇష్టానికి చదివింది థీసిస్‌కీ పనికొస్తుంది, రాత మెరుగవుతుంది, ఆలోచన విశాలమవుతుంది అని పిల్లలకు నచ్చజెప్పేవాళ్లున్నారు. నిజమే కావచ్చు. నా సిద్ధాంత వ్యాసంలో ఒక అధ్యాయాన్ని ఎలా మొదలుపెట్టాలో ఒక నవలే చూపించింది. కానీ నేనా మాట విద్యార్థులకు చెప్పను. పనికొస్తుందని చదవడం మొదలుపెట్టిన రోజునే చాప మీది పుస్తకం టేబుల్ ఎక్కేస్తుంది. ఇక అందులోంచి ఏం దొరికిందా అని లెక్కలు చూసుకోవడమే మిగులుతుంది.

పీహెచ్‌డీ ఆఖరి ఏడాది సంగతి వేరు. అప్పుడు ఏ రూలూ పనిచెయ్యలేదు. సొంత వాక్యాలు రోజంతా దిద్దుకున్న కళ్లకు ఇంకొకరి వాక్యం కనిపిస్తే చాలు, దాన్నీ దిద్దబుద్ధయ్యేది. అందుకని ముందే చదివేసిన పుస్తకాలు తీశాను. కథ తెలుసు కాబట్టి మధ్యలో ఎక్కడైనా తెరవొచ్చు, ఎక్కడైనా మూసెయ్యొచ్చు. చిన్న కథలు కూడా ఆ రోజుల్లో ఆదుకున్నాయి. థీసిస్ సబ్మిట్ చేశాక అసలేమీ చదవకుండా కొన్నాళ్లు గోడలు చూస్తూ గడిపాను. దాన్ని జబ్బు అనుకోనక్కర్లేదు, మా బ్యాచ్‌లో దాదాపు అందరికీ వచ్చింది.

హాస్టల్ కామన్ రూమ్‌లో చేతులు మారుతూ తిరిగిన, అట్ట లేని ఇంకో డిటెక్టివ్ నవల, ఈ పూర్వ విద్యార్థుల సంచిక చదివే మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. నా వంతు వచ్చేసరికి చివరి పేజీలు లేవు. హంతకుడెవరో తెలియకుండానే మేం సగం మందిమి పట్టాలు పుచ్చుకున్నాం. ఆ పుస్తకం పేరు కూడా ఎవరికీ తెలియదు, అట్ట ఊడిపోయింది కాబట్టి వెతుక్కోవడానికీ లేదు. నాకు ఒకరి మీద గట్టి అనుమానముంది. ఈ సంచిక ఆమెకూ అందుతుంది. తల్లీ, పేజీలు ఇవ్వకపోయినా ఫరవాలేదు, ఈసారి సమావేశానికి వచ్చి హంతకుడెవరో ఆ ఒక్క ముక్క చెప్పేసి వెళ్లు.