రేవతి, ఆభేరి, ఆరు తీగలు: నా సొంత గిటార్ పీసుల పద్దు

క్లాసికల్ గిటార్ మీద సొంతంగా కట్టుకున్న సోలో పీసులు ఇప్పటికి రెండు పూర్తయ్యాయి, మూడోది నడుస్తోంది. ఈ పద్దు ముందు నాకోసమే. ఇంకొకరు రాసిన పీస్ అయితే అచ్చులో వేళ్ల నంబర్లు ఉంటాయి, అనుమానం వస్తే సార్‌ని అడగొచ్చు. సొంత పీస్‌కి ఆ రెండూ ఉండవు. ఫలానా చోట మూడో వేలు తీసి రెండో వేలు ఎందుకు పెట్టానో నెల తిరిగేసరికి నాకే గుర్తుండదు.

వాయిద్యం యమహా సిజి122ఎంఎస్. స్ప్రూస్ పైచెక్క, 650 మి.మీ. స్కేలు (తీగ మోగే పొడవు), నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) దగ్గర 52 మి.మీ. వెడల్పు. తీగలు డి'అడారియో ప్రో-ఆర్టే, నార్మల్ టెన్షన్. ఇల్లు తార్నాక, మూడో అంతస్తు, రోడ్డు వైపు గది. ఆ రోడ్డు సంగతి రికార్డింగ్ దగ్గర చెప్తాను.

ఫిబ్రవరి

ముందు రాగం తేలాలి. నా పద్ధతి ఏమిటంటే, ఏ రాగం ఇష్టమో పక్కనపెట్టి, ఏ తీగనూ నొక్కకుండా మీటితే ఏ స్వరాలు వస్తాయో చూసుకోవడం. గిటార్ ఆరు తీగలు కింది స్థాయి (ఆరో తీగ) నుంచి పైకి, పాశ్చాత్య స్వరాల పేర్లలో, ఇ, ఎ, డి, జి, బి, ఇ. జి ని షడ్జమం (స) అనుకుంటే ఇవన్నీ మోహన స్వరాలే. ఒక్క వేలు పెట్టకుండానే మోహన మోగుతుందన్నమాట.

అందుకని అందరూ మోహనతోనే మొదలెడతారు, నేనూ రెండు వారాలు అందులోనే తిరిగాను. వదిలేయడానికి రెండు కారణాలు. ఏం మీటినా బాగానే ఉంటుంది, దేనికీ అడ్డు లేదు, కాబట్టి ఏ వాక్యమూ ఎటూ పోదు. రెండోది, కింది షడ్జమం ఆరో తీగ మూడో ఫ్రెట్ (మెడ మీది మెట్టు) మీద ఉంది. శ్రుతి మోగుతూనే ఉండాలంటే ఒక వేలు అక్కడే కట్టుబడిపోవాలి. నాలుగు వేళ్లలో ఒకటి పోతే సోలో పీస్‌లో మిగిలేదేముంది?

రేవతికి వచ్చాను. ఇ షడ్జమం: స రి₁ మ₁ ప ని₂ అంటే ఇ, ఎఫ్, ఎ, బి, డి. ఖాళీ తీగల్లో ఐదు లోపలే ఉన్నాయి. మూడో తీగ జి ఒక్కటే సాధారణ గాంధారం, రేవతిలో చోటులేనిది. కింద షడ్జమం ఖాళీగా మోగుతుంది, పైన పంచమం, తారషడ్జమం ఖాళీగా మోగుతాయి, మధ్యలో ఒక తీగ మాత్రం నిషేధం. నాకు కావలసిన అడ్డు దొరికింది. మూడో తీగ మీద వేలు లేకుండా కుడిచేయి దాని జోలికి పోకూడదు. పీస్ అంతా ఆ ఒక్క నిబంధన మీద నడిచింది.

ఇంకో ప్రమాదం ఉంది. ఇ, ఎఫ్ పక్కపక్కన మోగగానే చేయి తనంతట తాను ఫ్లమెంకో వైపు పరిగెడుతుంది. అక్కడ జి తగిలిందా, రేవతి పోయి స్పెయిన్ వచ్చేస్తుంది. ఆ తీగ నిషేధం వల్ల ఇదీ అదుపులో ఉంది.

మార్చి

తాళం ఖండచాపు, అంటే రెండు, మూడుగా ఐదు దెబ్బలు: తక తకిట. మొదట కుడిచేతికి బొటనవేలు, చూపుడు, మధ్య, ఉంగరం, మధ్య అని వరస ఇచ్చాను. ఐదు దెబ్బలూ సరిపోయాయి కానీ తాళం వినబడలేదు. రెండో "త" మధ్యవేలికి వచ్చింది, రెండో తీగ మీద సన్నగా పోతోంది. వరస మార్చాను: బొటనవేలు, చూపుడు, బొటనవేలు, మధ్య, ఉంగరం. రెండు "త"లూ బొటనవేలికే. ఆరో తీగ ఒకసారి, నాలుగో తీగ ఒకసారి. తాళం వేసే మనిషి లేకుండానే లెక్క వినబడుతోంది. పాతకాలపు గిటార్ విద్వాంసుడు జులియానీ 1812లో అచ్చేసిన 120 కుడిచేతి వరసలు ఇదివరకు వాయించి ఉండడం ఇక్కడ పనికొచ్చింది. వాటిలో ఐదుల లెక్క కోసం కాదు, బొటనవేలు మిగతా వేళ్లతో సంబంధం లేకుండా కదలడం కోసం.

ఎడమచేతికి దారి బ్రెజిల్ స్వరకర్త విల్లా-లోబోస్ దగ్గర దొరికింది. ఆయన 12 ఎత్యూడ్లలో (సాధన పీసుల్లో) మొదటిదాంట్లో ఒకే ఆకారం ఒక్కో ఫ్రెట్ దిగుతూ వస్తుంది, అటూ ఇటూ ఖాళీ తీగలు మాత్రం మోగుతూనే ఉంటాయి. రేవతిలో స్వరాల మధ్య దూరాలు ఎగుడుదిగుడు కాబట్టి ఆకారాన్ని ఉన్నదున్నట్టు జరపడం కుదరదు. రెండు వేళ్లను మాత్రం నడిపించాను. నాలుగో తీగ 9, మూడో తీగ 7 (ప-ని). తర్వాత 7, 4 (మ-ప). తర్వాత 3, 2 (రి-మ). చుట్టూ ఇ, బి, ఇ ఖాళీగా. మొదటి పల్లవి మొత్తం ఇంతే.

ఇందులో కష్టమైన చోటు పై నుంచి చూస్తే కనబడదు. ఏడో ఫ్రెట్ నుంచి నాలుగుకి దిగేటప్పుడు మూడో తీగ మీది వేలు పక్కకి గీచుకుంటూ లేస్తే చాలు, ఎవరూ మీటకుండానే జి పలుకుతుంది. చిన్నదే, కానీ రేవతి తెలిసిన చెవికి ముల్లులా తగులుతుంది. వేలు నిటారుగా పైకి లేవాలి, లేదా ఎత్తకుండా తీగ మీదే తేలికగా జారాలి. ఈ ఒక్క కదలికని మెట్రోనోమ్ (లెక్క టిక్కుమనిపించే యంత్రం) 40 మీద పెట్టి, కుడిచెయ్యి వాడకుండా, ఎడమచేతితో మాత్రమే సాధన చేశాను. చప్పుడు రాకపోతే సరిగ్గా చేసినట్టు. పక్కన కూర్చున్నవాళ్లకి మాత్రం నేను గిటార్ పట్టుకుని ఊరికే కూర్చున్నట్టుంటుంది. "వాయించట్లేదేంటి?" అని మావారు రెండుసార్లు అడిగారు.

రాసుకోవడం రెండు చోట్ల. నోట్‌బుక్‌లో తెలుగులో స రి మ ప ని, కింద ఫ్రెట్ నంబరు. ఒక భాగం స్థిరపడ్డాక మ్యూజ్‌స్కోర్‌లో స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల పాశ్చాత్య లిపి). సాఫ్ట్‌వేర్ ఉచితమే. తీగ నంబరు సున్నాలో పెట్టడం తప్పనిసరి, ఎందుకంటే గిటార్ మీద ఒకే ఇ నాలుగైదు చోట్ల దొరుకుతుంది, ఒక్కో చోట ఒక్కో గొంతు.

ఏప్రిల్, మే

రాసింది తక్కువ. ఎండలు. గదిలో మీటరు మధ్యాహ్నానికి 30 శాతం తేమ కూడా చూపించడం లేదు. గిటార్‌కి 45 నుంచి 55 కావాలి. మెడ అంచున చెయ్యి జార్చితే ఫ్రెట్ కొసలు గుచ్చుకుంటున్నాయి, అంటే ఫింగర్‌బోర్డు చెక్క ఆరి కుంచించుకుపోతోంది. ప్లాస్టిక్ సబ్బు పెట్టెకి వేడి సూదితో బెజ్జాలు చేసి, లోపల తడిపి గట్టిగా పిండిన స్పాంజి పెట్టి, కేసులో హెడ్‌స్టాక్ (తీగలు బిగించే తల) పక్కన ఉంచుతున్నాను. స్పాంజి నుంచి చుక్క కారకూడదు. రెండు మూడు రోజులకోసారి తడపాలి. వాయించడం అయ్యాక గిటార్ స్టాండ్ మీద కాదు, కేసులోకి, మూత బిగించి. కూలర్ ఉన్న గదిలో అస్సలు వద్దు, అక్కడ లెక్క తిరగబడుతుంది. జూన్‌లో వానలు మొదలయ్యాక పెట్టె తీసేసి సిలికా జెల్ సంచులు వేస్తాను.

గోళ్ల మాట కూడా. కుడిచేతివి వేలి చివర దాటి మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల మధ్య. గాజు ఫైలుతో ఆకారం, తర్వాత 2000 నంబరు ఎమరీ కాగితంతో అంచు నునుపు. అంచు గరుకుగా ఉంటే నైలాన్ మీద గీర శబ్దం వస్తుంది. గిన్నెలు తోమితే గోరు మెత్తబడి విరుగుతుంది కాబట్టి ఆ పని ఇంట్లో చేతులు మారింది. క్లాసికల్ గిటార్ వల్ల నాకు కలిగిన లాభాల్లో దీన్ని ముందు రాసుకోవాలి. ఆఫీసులో మాత్రం "ఒక చేతికే గోళ్లు పెంచావేంటి?" అన్న ప్రశ్న ఆగడం లేదు.

జూన్

చిక్కడపల్లిలో పిన్ని ఉంది. వీణ నేర్చుకున్న మనిషి. రేవతి పీస్ మొత్తం వినిపించాను. చివరిదాకా కదలకుండా విని,

"బానే ఉందిగానీ, ఆ రిషభం మీద అలా నిలబడిపోతావేంటే? షడ్జమం మీదికి జార్చు" అంది.

"ఇది వీణ కాదు పిన్నీ, తీగ లాగితే రాదు."

"లాగమని ఎవరన్నారు? జార్చమన్నాను."

తీగ లాగితే రాదన్నది నిజమే. వీణ మెట్లు ఎత్తుగా ఉంటాయి, తీగని పక్కకి లాగి రెండు మూడు స్వరాలు పలికించొచ్చు. నైలాన్ సాగే తీగ, పక్కకి లాగితే స్థాయి పెద్దగా పెరగదు. కంపనం కావాలంటే తీగ పొడవు వెంట ముందుకీ వెనక్కీ ఊపాలి. కానీ జారు వేరే సంగతి. నేను రిషభాన్ని మొదటి తీగ మొదటి ఫ్రెట్ మీద పెట్టుకున్నాను. అక్కడినుంచి షడ్జమం అంటే ఖాళీ తీగ, దానికి జారు ఉండదు, వేలు ఊడబెరకడమే. అదే రిషభాన్ని రెండో తీగ ఆరో ఫ్రెట్ మీద పెడితే ఐదో ఫ్రెట్‌కి ఒకే వేలితో జారొచ్చు. పైగా పక్కన మొదటి తీగ ఇ ఖాళీగా మోగుతుంటే ఎఫ్, ఇ ఒకదానికొకటి రాసుకుని, ఆ తర్వాత రెండూ ఒకటే స్వరమై కలిసిపోతాయి. ఆ రాపిడి వింటుంటే పీస్‌కి ఇదే గుండెకాయ అనిపించింది. దాన్ని రెండో భాగంలో నుంచి తెచ్చి మొదట్లోనే పెట్టాను.

పిన్నికి ఫోన్‌లో మళ్లీ వినిపిస్తే "ఇప్పుడు రేవతి" అంది. అంతకుమించి మెచ్చుకోలు ఆవిడ దగ్గర ఆశించకూడదు.

జూలై, ఆగస్టు

రెండో పీస్ ట్రెమోలో, అంటే ఒకే స్వరాన్ని వేళ్లు మార్చి మార్చి వేగంగా మీటడం. ట్రెమోలో అనగానే స్పెయిన్ గిటారిస్టు టారెగా అల్హాంబ్రా పీస్ నీడ పడుతుంది. మూడు దెబ్బల లెక్క, ఎ మైనర్, కింద బొటనవేలి ఆర్పెజియో (ఒక్కొక్కటిగా మీటే స్వరాలు). ఎవరు కొత్తగా రాసినా చేయి అటే పోతుంది. తప్పించుకోవడానికి ఇక్కడ కూడా ఖండచాపే పెట్టాను. బొటనవేలు, ఉంగరం, మధ్య, చూపుడు అన్న నాలుగు దెబ్బల్నీ త-క-ది-మి అని నోటితో చెప్పుకుంటాను. అలాంటి ఐదు తకదిమిలు ఒక ఆవర్తం (తాళం ఒక చుట్టు). బొటనవేలు మాత్రం రెండు, మూడుగా విడిపోయి నడుస్తుంది.

రాగం ఆభేరి, ఆరో తీగ డికి దించి, డి షడ్జమం. ఆరోహణ డి, ఎఫ్, జి, ఎ, సి. బి, ఇ రెండూ అవరోహణలోనే. అంటే మొదటి రెండు ఖాళీ తీగలూ పాట దిగేటప్పుడు మాత్రమే మోగాలి, ఎక్కేటప్పుడు మూగవోవాలి. ఎడమచేతి చూపుడువేలు అడుగుభాగాన్ని ఆనించి వాటిని ఆపుతున్నాను. వినడానికి తేలిక, చేయడానికి మాత్రం ఓపిక కావాలి.

ట్రెమోలో సమంగా ఉందో లేదో వాయిస్తూ తెలుసుకోలేం. ఫోన్‌లో రికార్డు చేసి సగం వేగంలో వింటే తెలుస్తుంది. నాకు మధ్యవేలు, చూపుడువేలు దగ్గరగా పడి, బొటనవేలి ముందు ఖాళీ వస్తోంది. గుర్రం దౌడులాగా. మందు: నాలుగు దెబ్బలూ ఒకే తీగ మీద, ప్రతి దెబ్బ తర్వాత తదుపరి వేలు వెంటనే తీగమీద ఆనించి శబ్దం ఆపేస్తూ, 60 మీద. రోజూ పది నిమిషాలు, అంతకంటే ఎక్కువ చేస్తే ముంజేయి బిగుసుకుంటుంది. ప్రస్తుతం 112 దగ్గర నిలకడగా ఉంది. 126 అయితే పీస్ ఊపిరి తీసుకుంటుంది.

రికార్డింగ్‌కి జూమ్ హెచ్1ఎన్ రికార్డర్. గిటార్ రంధ్రానికి ఎదురుగా పెడితే గుమ్ముమంటుంది. మెడ ఒంటికి కలిసే చోటుకి గురిపెట్టి, 40 సెంటీమీటర్ల దూరంలో. ఫ్యాను ఆపాలి. పొద్దున్న ఐదింటికి నీళ్ల ట్యాంకరు, ఆరింటికి కింద ఇంటి కుక్కరు, ఆ తర్వాత రోడ్డు మీద ఆటోలు. ట్యాంకరుకీ కుక్కరుకీ మధ్య దొరికే సమయమే నా స్టూడియో.

సెప్టెంబరు

ముందు అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో, తర్వాత బంజారాహిల్స్ లామకాన్‌లో ఓపెన్ మైక్. కమ్యూనిటీ హాలు నేలా గోడలూ టైల్సే. ప్రతి స్వరం రెండింతలు నిలబడింది. రేవతి బ్రహ్మాండంగా మోగింది, ట్రెమోలో ముద్దైపోయింది. లామకాన్ ఆరుబయలు, అక్కడ సరిగ్గా దీనికి తిరగబడింది. శబ్దం వెనక్కి రాదు, ట్రెమోలో ముత్యాల్లా విడివిడిగా వినబడింది, రేవతిలో నేను నమ్ముకున్న ఆ రాపిడి మూడో వరస దాటలేదు. ఆరుబయలు అయితే మైకు ఉండాలి, రేవతి కొంచెం వేగంగా వాయించాలి. టైల్స్ హాలు అయితే ట్రెమోలో వేగం తగ్గించి, బొటనవేలు బలంగా.

వరస గురించి: ఆభేరి ముందు. ఇంటి దగ్గరే ఆరో తీగ డికి దించి పెట్టుకుంటే దారిలో స్థిరపడుతుంది. స్టేజీ మీద దించితే నైలాన్ తీగ తిరిగి పైకి పాకుతుంది, పీస్ మధ్యలో శ్రుతి పోతుంది. ఆభేరి అయ్యాక ఆరో తీగని తిరిగి ఇ స్వరానికి బిగించి, తీగని వేలితో రెండుసార్లు మెల్లగా లాగి, మళ్లీ శ్రుతి చూసుకోవాలి. ఆ నిమిషంలో రేవతి గురించి రెండు మాటలు చెప్పేస్తాను.

రేవతి మొదట ఆరు నిమిషాలు ఉండేది. కమ్యూనిటీ హాల్లో నాలుగో నిమిషం దగ్గర కుర్చీలు కదిలాయి. ఇంటికొచ్చి చూస్తే అక్కడ పల్లవి మూడోసారి వస్తోంది, కొత్త సంగతి లేదు. తీసేశాను. ఇప్పుడు నాలుగుంపావు. కాగితం మీద ఆ భాగం నాకు చాలా ఇష్టం, జనం ముందు అది నిలబడలేదు, కాబట్టి పోయింది.

ప్రోగ్రాం అయ్యాక కింద ఫ్లాట్ అంకుల్ వచ్చారు.

"బాగుందమ్మా, ఏ సినిమాలోది?"

"సినిమాలోది కాదండీ, నేనే కట్టుకున్నాను."

"ఓహో!" అని కాసేపు ఆలోచించి, "అయితే ఈసారి ఇళయరాజాది కూడా ఒకటి వాయించు" అన్నారు.

అక్టోబరు

మూడోది హిందోళం, మిశ్రచాపు (ఏడు దెబ్బల తాళం). ఇ షడ్జమం అయితే ఇ, జి, ఎ, సి, డి. రేవతిలో నిషేధించిన జి ఇక్కడ పనికొస్తుంది, ఈసారి బయట పడింది రెండో తీగ బి. దాన్ని అర్ధస్వరం పెంచి సి చేస్తే ఆరు తీగలూ హిందోళంలోనే ఉంటాయి. బిగువు దాదాపు 12 శాతం పెరుగుతుంది. నార్మల్ టెన్షన్ తీగ తట్టుకుంటోంది, ఇప్పటికైతే శ్రుతి కూడా నిలుస్తోంది. చిక్కు ఏమిటంటే రెండో తీగ మీద నాకు తెలిసిన ప్రతి స్వరమూ ఒక ఫ్రెట్ వెనక్కి జరిగింది, చేయి పాత చోటికే పోతోంది. ప్రస్తుతం పల్లవి మొదటి రెండు ఆవర్తాలు, ధైవతం దగ్గర ఒక జారు అయ్యాయి. మళ్లీ మోహనలాగే ఏ అడ్డూ లేని శ్రుతి ఇది, అందుకని సొంతంగా ఒక అడ్డు పెట్టుకున్నాను: చివరి ఆవర్తం దాకా ఆరో తీగ ముట్టుకోకూడదు.