వాట్సన్ గాయం ఎక్కడ?

షెర్లాక్ హోమ్స్ కథలను మూడోసారి చదువుతూ నిన్న రాత్రి ఒకచోట ఆగిపోయాను. 1887లో వచ్చిన తొలి నవలలో హోమ్స్ మిత్రుడు డాక్టర్ వాట్సన్‌కు అఫ్గాన్ యుద్ధంలో తూటా భుజానికి తగిలిందని ఉంటే, 1890 నాటి రెండో నవలలో అదే మనిషి కాలి గాయంతో బాధపడుతూ కనిపిస్తాడు. రచయిత కోనన్ డాయల్ మరచిపోయి ఉంటాడని అనుకోవడం తేలికే, కానీ అభిమానులు ఆ తేలిక దారి పట్టలేదు. తగిలిన తూటాలు రెండని కొందరు, వంగి ఉన్నప్పుడు తగిలిన ఒకే తూటా భుజాన్నీ కాలినీ గాయపరిచిందని మరికొందరు తరతరాలుగా వాదిస్తూ వచ్చారు. (నాది రెండు తూటాల పక్షం.) రచయిత పొరపాటును సైతం పాత్ర జీవితంలో జరిగిన సంఘటనగా మార్చుకునే ఆ మొండి ప్రేమకు మొదట నవ్వుకున్నాను గానీ, పుస్తకం మూసేలోపు కాలినొప్పి ప్రస్తావన ఉన్న ప్రతి వాక్యం కిందా పెన్సిలుతో గీత గీసి ఉన్నాను.