తూనీగకి అరేబియా సముద్రం ఒక లెక్కా!

వలస అనగానే మనకి పులికాట్‌లో ఫ్లెమింగోలు, నేలపట్టులో గూడబాతులు గుర్తొస్తాయి. నాకు మాత్రం వాటన్నిటికంటే వింతగా తోచేది తూనీగ. అదేనండీ, చిన్నప్పుడు తోకకి దారం కట్టి ఆడించిన తూనీగే. వానాకాలం చివర్లో ఖాళీ స్థలాల మీద గుంపులుగా, ఎక్కడా వాలకుండా తిరుగుతూ ఉంటాయి చూడండి పసుపు రంగువి (శాస్త్రీయ నామం పాంటాలా ఫ్లావిసెన్స్), అవి సముద్రం దాటి తూర్పు ఆఫ్రికా దాకా వెళ్తాయి.

ఈ సంగతి మాల్దీవుల్లో బయటపడింది. అక్కడ ఉండే చార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రవేత్త, ఏటా అక్టోబర్‌లో ఎక్కడినుంచో తూనీగలు గుంపులు గుంపులుగా వచ్చిపడటం గమనించాడు. ఆ దీవులేమో పగడపు ఇసుక దిబ్బలు, చెరువూ కుంటా దాదాపు ఉండవు, తూనీగ గుడ్లు పెట్టాలంటే మంచినీళ్ళు ఉండాల్సిందే. మరి ఇన్ని ఎక్కడివి? ఏళ్ళ తరబడి తేదీలు రాసుకుంటూ పోతే వరస తేలింది: ముందు దక్షిణ భారతం, తర్వాత మాల్దీవుల రాజధాని మాలే, ఆ తర్వాత దక్షిణాన ఉన్న దీవులు, నవంబర్‌కి ఆఫ్రికా వైపున్న సీషెల్స్ దీవులు. 2009లో ఇదంతా ప్రచురించాడు.

ఎందుకు వెళ్తాయంటే, చలికి మాత్రం కాదు. వీటికి కావలసింది వాన పడితే నిండి కొన్ని వారాల్లో ఎండిపోయే కుంటలు. అలాంటి నీళ్ళలో చేపలుండవు కాబట్టి పిల్లల్ని తినేవాళ్ళు తక్కువ, ఆ పిల్లలు కూడా నెలన్నర, రెండు నెలల్లోనే రెక్కలొచ్చి ఎగిరిపోతాయి. కుంట ఎండిందంటే ఇంకో వాన వెతుక్కోవాలి, మన దగ్గర వానలు తగ్గే వేళకి తూర్పు ఆఫ్రికాలో మొదలవుతాయి. అంత దూరం రెక్కలాడిస్తూ పోవడం దాని వల్ల కాదు, అందుకే వెయ్యి మీటర్ల పైకెక్కి ఈశాన్యం నుంచి వీచే గాలిని పట్టుకుంటుంది. వెనక రెక్కల మొదలు బాగా వెడల్పు, గాల్లో తేలుతూ పోవడానికి అది భలే పనికొస్తుంది.

వెళ్ళిన తూనీగ తిరిగి రాదు. నైరుతి గాలుల మీద మన వైపు వచ్చేవి దాని పిల్లలో, మనవలో. మొత్తం చక్రం 14,000 నుంచి 18,000 కిలోమీటర్లు, అందులో నాలుగు తరాల దాకా గడుస్తాయని ఆండర్సన్ అంచనా. దారి నేర్పే పెద్దలెవరూ లేరు మరి!

ఇదే కాలంలో అముర్ డేగలు కూడా ఆఫ్రికాకి బయల్దేరతాయి. నాగాలాండ్‌లో డోయాంగ్ జలాశయం దగ్గర ఆగి ఉసిళ్ళని కడుపు నిండా మేసి, అరేబియా సముద్రాన్ని ఆగకుండా దాటేస్తాయి. సముద్రం మీద వాటికి తూనీగలే తిండి అయ్యుండొచ్చని ఆండర్సన్ ఊహ. నాకైతే సబబుగానే అనిపిస్తుంది, నీళ్ళ మీద ఇంకేం దొరుకుతుంది?

డేగలకి 2013లో ట్రాన్స్‌మిటర్లు కట్టి ఉపగ్రహంతో దారి చూశారు. తూనీగ అర గ్రాము కూడా తూగదు, అంత బరువు మోయలేదు. అందుకని మాల్దీవుల్లో పట్టిన తూనీగల రెక్కల్లో హైడ్రోజన్ ఐసోటోపులు (అంటే బరువులో తేడా ఉన్న హైడ్రోజన్ రకాలు) కొలిచారు. పిల్లగా ఉన్నప్పుడు ఏ ప్రాంతపు వాన నీళ్ళలో పెరిగిందో ఆ గుర్తు రెక్కలో ఉండిపోతుందట. 2012లో వచ్చిన ఫలితం ప్రకారం అవి దక్షిణాదివి కూడా కాదు, ఉత్తర భారతం వైపువి. అంటే మాలేలో కనబడే సరికే దేశం పొడుగునా ఎగిరి, ఆపైన సముద్రం కూడా దాటి వచ్చాయన్నమాట.