కోసిన వైరు, నిరాకరించిన వారంటీ

మా బావగారి కారుకు హైదరాబాద్ పుత్లీబౌలిలోని ఒక దుకాణంలో పెద్ద తెర ఉన్న స్టీరియో బిగించారు. కొన్నాళ్లకు పవర్ విండోలు మొరాయించడంతో సర్వీస్ సెంటరుకు తీసుకెళ్లగా, అక్కడి అడ్వైజరు డ్యాష్‌బోర్డు విప్పి, కంపెనీ వైరును మధ్యలో కోసి, రాగి పోగులను మెలిపెట్టి నల్ల టేపు చుట్టిన చోటును చూపించి, ఎలక్ట్రికల్ భాగాలకు ఇక వారంటీ వర్తించదన్నారు. అందులో న్యాయం లేకపోలేదు. కారు మోడల్‌కు సరిపడే కప్లరు, అంటే కంపెనీ వైరు చివర నేరుగా తగిలించే ప్లగ్గు, వాడితే వైరు కోయనవసరమే ఉండదు. తొందరలో ఉన్న దుకాణదారు ఆ సంగతి ఎందుకు చెబుతాడు?

అయితే అదే నెపంతో సస్పెన్షన్ చప్పుడుకు కూడా వారంటీ లేదనడం నాకు సమంజసంగా తోచలేదు. స్టీరియోకూ షాక్ అబ్జార్బరుకూ సంబంధమేమిటి? మార్పుల వల్ల కలిగిన లోపాలకు మాత్రమే కంపెనీ బాధ్యత వహించదని బావగారి కారు వారంటీ పుస్తకంలో స్పష్టంగా ఉంది. నిరాకరణకు కారణాన్ని జాబ్ కార్డు (సర్వీస్ సెంటరు పని వివరాలు రాసే కాగితం) మీద రాసి సంతకం చేసి ఇమ్మని బావగారు నెమ్మదిగా అడిగేసరికి, లోపలి నుంచి మేనేజరు వచ్చి కారును లిఫ్టు మీదకు ఎక్కించి చూసి, సస్పెన్షన్‌లో అరిగిన లింక్ రాడ్లను ఉచితంగా మార్చేందుకు ఒప్పుకున్నారు. వైరింగ్ బిల్లు మాత్రం బావగారే కట్టారు. దానిలో సగం ఆ దుకాణం నుంచి రాబట్టాలని ఇంకా తిరుగుతున్నారు.