‘ఫ్రీరెన్’ పిల్లలతో చూసేటప్పుడు: ఏది చూడాలి, ఎక్కడ ఆపాలి

అనిమే (జపాన్ యానిమేషన్) అంటే కత్తులూ కేకలే అనుకునే పెద్దవాళ్లను ‘ఫ్రీరెన్: బియాండ్ జర్నీస్ ఎండ్’ కాస్త తికమకపెడుతుంది. రాక్షసరాజును చంపేసి వీరులు ఊరికి తిరిగొచ్చాక కథ మొదలవుతుంది. మ్యాడ్‌హౌస్ స్టూడియో తీసిన మొదటి సీజన్ 28 ఎపిసోడ్లు, జపాన్‌లో 2023 సెప్టెంబరు 29 నుంచి 2024 మార్చి 22 దాకా వచ్చాయి.

ఫ్రీరెన్ వెయ్యేళ్లు దాటిన మంత్రగత్తె, మనుషులకంటే ఎన్నో రెట్లు బతికే ఎల్ఫ్ జాతిది. హిమ్మెల్ అనే వీరుడితో, మరో ఇద్దరితో పదేళ్లు తిరిగింది. ఆమె లెక్కలో అది చిటికెలో అయిపోయిన కాలం. యాభై ఏళ్ల తర్వాత వచ్చేసరికి హిమ్మెల్ బట్టతల ముసలాయన. అందరూ కలిసి ఉల్కల వాన చూస్తారు, ఆ తర్వాత ఆయన పోతాడు. ఇతని గురించి తెలుసుకునే ప్రయత్నమే చెయ్యలేదే అని అంత్యక్రియల దగ్గర ఆమె ఏడుస్తుంది.

విదేశాల్లో పెరిగే మన పిల్లలకు ఈ సీరీస్ పట్టేది సరిగ్గా ఇక్కడే. రెండేళ్లకోసారి నాలుగు వారాల సెలవు అనుకుంటే, పదేళ్లలో తాతయ్యతో గడిపేది మొత్తం ఇరవై వారాలు. ఆయన వేగంగా ముసలివాడవుతున్నట్టు పిల్లలకు కనిపించడానికి కారణం ఆ మధ్య ఖాళీలే. ‘వీరుడు హిమ్మెల్ మరణించిన 28 ఏళ్లకు’ లాంటి కాలపు లెక్క తెర మీద పడ్డప్పుడు, అదేమిటో పిల్లలకు విడమరిచి చెప్పక్కర్లేదు.

మొదటి నాలుగు ఎపిసోడ్లూ ఒక్క బిగిన చూడండి. జపాన్‌లోనూ వాటిని ఒకే రాత్రి రెండు గంటల ప్రత్యేక కార్యక్రమంగా వేశారు. ఒక్కో ఎపిసోడ్ సుమారు 24 నిమిషాలు కాబట్టి మొత్తం సినిమా నిడివే. సబ్‌టైటిల్స్ వేగంగా చదవలేని పిల్లలకు ఇంగ్లిష్ డబ్బింగ్ పెట్టడమే మంచిది, లేకపోతే కళ్లు అక్షరాల మీదే ఉండిపోయి నెమ్మదైన సన్నివేశాల్లోని ముఖాలు జారిపోతాయి.

చాలామంది చేసే పొరపాటు, ఎపిసోడ్ అవగానే ‘చూశావా, అందుకే అమ్మమ్మకు ఫోన్ చెయ్యమనేది’ అని అందుకోవడం. దాంతో అటు సీరీస్ మీదా, ఇటు ఫోన్ మీదా విసుగు పుడుతుంది. రెండు మూడు రోజులు ఆగి, అడగాల్సిన ప్రశ్న పిల్లల్నే ఎంచుకోనివ్వండి. ‘బాగున్నావా, తిన్నావా’ దగ్గర మాట ఆగిపోతుంది కాబట్టి చిన్నదీ ఖచ్చితమైనదీ కావాలి: ‘అమ్మమ్మా, నీ బడికి ఎలా వెళ్లేదానివి?’ తెలుగు తడబడినా పది నిమిషాలు చాలు. కాలిఫోర్నియాలో వేసవి శనివారం సాయంత్రం ఏడు అంటే ఇండియాలో ఆదివారం ఉదయం ఏడున్నర. కాఫీ తాగుతూ తీరిగ్గా ఉండే వేళ.

ఫ్రీరెన్ పోగేసే మంత్రాలూ ఇలాంటి అల్పవిషయాలే: తియ్యటి ద్రాక్షను పుల్లగా మార్చేది, పూలతోట పుట్టించేది. చిన్నపిల్లలు ఎక్కువగా నవ్వేది వీటికే.

ఇక ఏడో ఎపిసోడ్. ఈ సీరీస్‌లో ఒప్పుకోలేని భాగం ఇదే. ఒక రాక్షస పిల్ల ఊళ్లో అమ్మాయిని తినేస్తుంది. చంపబోతుంటే ‘అమ్మా’ అంటుంది. హిమ్మెల్ చెయ్యి ఆగిపోతుంది. గ్రామపెద్ద జాలిపడి పెంచుకుంటాడు. కొన్నాళ్లకు అది ఆయన్నే చంపి, బిడ్డ పోయిన తల్లికి బదులుగా ఆయన కూతుర్ని ఇవ్వబోతుంది. ‘అమ్మా’ అని ఎందుకన్నావంటే, ఆ మాటంటే మనుషులు చంపరు కాబట్టి అంటుంది. కథగా గగుర్పాటు కలిగించే ఘట్టమే. కానీ ‘వాళ్లు మన భాష మాట్లాడతారు, లోపల మనలాంటివాళ్లు కారు’ అనే మాట వలస కుటుంబంలోని పిల్లల చెవిన ఎలా పడుతుంది? పుట్టుకతోనే చెడ్డ జాతి ఒకటుందన్న ఊహను మొదటి సీజన్‌లో ఎవరూ గట్టిగా నిలదీయరు. నిలదీయడానికి మన ఇంట్లో సరుకుంది: ప్రహ్లాదుడు, విభీషణుడు, బలి చక్రవర్తి. ముగ్గురూ పుట్టింది రాక్షస, దైత్య కులాల్లోనే. ఫ్రీరెన్ ప్రహ్లాదుణ్ణి చూస్తే ఏం చేస్తుందని అడగండి. పదకొండేళ్లవాళ్లు దీనిమీద గంటసేపు వాదిస్తారు.

ఎనిమిదో ఎపిసోడ్ నుంచి పదో ఎపిసోడ్ దాకా రక్తం ఉంటుంది, తలల్లేని కవచధారుల సేన ఉంటుంది. పదో ఎపిసోడ్ చివర ఫ్రీరెన్ ఔరా అనే రాక్షసిని మంత్రబద్ధురాలిని చేసి, నిన్ను నువ్వే చంపుకో అని ఆజ్ఞాపిస్తుంది. పదేళ్లలోపు పిల్లలకు ఇది వద్దు. ఆరో ఎపిసోడ్ తర్వాత నేరుగా పదకొండోదానికి వెళ్లినా కథ అర్థమవుతుంది. అయిదులో చనిపోయినవాళ్ల రూపాల్లో కనిపించే మాయలున్నాయి, బెంగపడే పిల్లలకు అదీ వదిలేయొచ్చు.

పద్దెనిమిదో ఎపిసోడ్ నుంచి చివరిదాకా మొదటి శ్రేణి మంత్రగాళ్ల పరీక్ష. పదకొండు ఎపిసోడ్లు. పోరాటాలు చక్కగా గీశారు. కొత్త ముఖాలు మాత్రం మరీ ఎక్కువ, ఫ్రీరెన్‌తో తిరిగే కుర్ర యోధుడు స్టార్క్ దాదాపు మాయమైపోతాడు, అప్పటిదాకా ఉన్న ప్రయాణపు నెమ్మది పోయి ఎవరు గెలుస్తారన్న పోటీ మిగులుతుంది. అభ్యర్థులు ఒకర్నొకరు చంపుకున్నా పరీక్ష ఆగదన్న సంగతి పిల్లలకు ముందే చెప్పి కూర్చోబెట్టాలి. ర్యాంకుల లెక్కల్లో మునిగే ఇళ్లలో మాత్రం చివరి ఫలితాలు అమ్మానాన్నలూ చూడాలి: శిష్యురాలు ఫెర్న్ పాసవుతుంది, వెయ్యేళ్ల గురువు ఫెయిలవుతుంది, గురువుగారు దాన్ని పెద్దగా పట్టించుకోదు.