మి నుంచి మి దాకా: ఫిలిప్ గ్లాస్ పాటతో మూడో వారం

ఈ వారమంతా కీబోర్డు మీద ఒకే ఆరోహణ వాయించాను. అమెరికన్ స్వరకర్త ఫిలిప్ గ్లాస్ రాసిన 'సత్యాగ్రహ' ఒపెరా (పాటలతోనే నడిచే నాటకం) చివర్లో గాంధీ పాత్ర పాడేది అదే, మి (పాశ్చాత్య సంగీతంలో E స్వరం) నుంచి పై మి దాకా ఎనిమిది స్వరాలు ఎక్కడం, మళ్లీ కింద నుంచి మొదలు, అలా 30 సార్లు దాకా. నల్ల మెట్లు ఒక్కటీ తాకక్కర్లేదు. మి ని షడ్జం (స) అనుకుంటే అవి మన హనుమతోడి రాగం స్వరాలే, కానీ గమకాలు (స్వరాన్ని ఊపడాలు) లేవు కాబట్టి తోడి విన్నట్టు ఉండదు, ఆ ఆశతో మొదలుపెట్టకండి.

వేళ్ల సంగతి: బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లతో మూడు స్వరాలు, బొటనవేలు కిందుగా జరిపి నాలుగోది, అక్కణ్ణుంచి చిటికెన వేలి దాకా వరసగా. నాలుగో స్వరం దగ్గర ప్రతిసారీ చిన్న కుదుపు వచ్చేది, మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) వేగం నిమిషానికి 80 దెబ్బల నుంచి 56కి దించాక పోయింది. లెక్క తప్పుతోందని కీబోర్డు పక్కన 30 చింతపిక్కలు పోసుకుని, ఆరోహణ అయినప్పుడల్లా ఎడమ చేత్తో ఒక పిక్క పక్కకి జరుపుతున్నాను.

సాహిత్యమంతా భగవద్గీత, సంస్కృతంలోనే. ఈ పాట నాలుగో అధ్యాయంలోది. బుధవారం స్పీకర్లో పెడితే అమ్మ వంటింట్లోంచి 'బహూని మే వ్యతీతాని' అని అందుకుంది, తను శ్లోకం పూర్తి చేసేసరికి ఆ గాయకుడు ఇంకా మొదటి మాటల దగ్గరే ఉన్నాడు. అంత నిదానం నాకు చాలా ఇష్టం.

గ్లాస్ 1937లో బాల్టిమోర్‌లో పుట్టాడు. పారిస్‌లో సంగీత గురువు నాడియా బులాంజే దగ్గర చదువుకునే రోజుల్లో, ఒక సినిమా కోసం రవిశంకర్ సంగీతాన్ని ఫ్రెంచ్ వాద్యకారులకి నొటేషన్‌లో రాసిచ్చే పని దొరికింది. ఎలా రాసినా ఒత్తు తప్పు చోట పడుతుంటే, స్వరాలన్నీ సమానమే అని తబలా విద్వాంసుడు అల్లా రఖా పదే పదే చెప్పాడట, చివరికి బార్ గీతలు (నొటేషన్‌లో స్వరాలని గుంపులుగా విడగొట్టే నిలువు గీతలు) తీసేస్తే కుదిరింది. అది చదివి నేనూ నా నోటుబుక్కులో నాలుగేసి స్వరాలకి గీసుకున్న గీతలు చెరిపేశాను. నిజంగానే చెయ్యి తేలికైంది.

1976లో గ్లాస్ ఒపెరా 'ఐన్‌స్టీన్ ఆన్ ది బీచ్' న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా హౌస్‌లో ఆడినా ఆయనకి మిగిలింది అప్పే, మళ్లీ టాక్సీ తోలాడు. తర్వాత రోటర్‌డామ్ నగరం అడిగి రాయించుకున్న ఒపెరానే ఈ 'సత్యాగ్రహ', 1980లో అక్కడే మొదటిసారి ఆడింది, అప్పటికాయనకి 43 ఏళ్లు.

ఇందులో ఇత్తడి వాద్యాలు, డ్రమ్స్ లేవు, అందుకని కీబోర్డులో స్ట్రింగ్స్ (వయొలిన్ లాంటి తీగ వాద్యాల) టోన్ పెట్టుకుంటే సరిపోతోంది. శనివారం 30 పిక్కలూ ఆగకుండా జరిగాయి. సోమవారం నుంచి ఎడమ చెయ్యి, పిక్కలు జరపడానికి తమ్ముణ్ణి కూర్చోబెట్టుకోవాలి.