24 మెట్ల వెనుక ఉన్న చేతులు

గత వేసవిలో బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో ఒక మధ్యాహ్నమంతా వీణకు మెట్లు, అంటే స్వరాల కోసం తీగల కింద అడ్డంగా అమర్చే పట్టీలు, నిలపడం చూస్తూ కూర్చున్నాను. ఒకే పనస దుంగను తొలిచి, గుండ్రటి కుండ నుంచి పొడవాటి దండి దాకా అతుకు లేకుండా చేసిన వీణ అది. మెత్తబడిన నల్లటి మైనంలో ఒక్కొక్క మెట్టును అదిమి, తీగ మీటి విని, వెంట్రుకవాసి జరిపి మళ్లీ మీటుతున్న పెద్దాయనను, దీన్ని మొదట ఎవరు కనిపెట్టారని అడిగాను. "మా తాతలకి ముందు నుంచీ ఉన్నదే బాబూ" అన్నారు, తల ఎత్తకుండానే.

24 మెట్ల వీణ ఘనతను 17వ శతాబ్దపు తంజావూరు ప్రభువు రఘునాథ నాయకుడికి ఇవ్వడం పరిపాటి. అయితే అంతకు ముందే, 1550లో, సంగీత శాస్త్రకారుడు రామామాత్యుడు తన స్వరమేళకళానిధి గ్రంథంలో వీణ మీద మెట్లు ఎక్కడెక్కడ ఉండాలో వివరించాడు. ఇంకా వెనక్కి వెళితే, సముద్రగుప్తుని బంగారు నాణెం మీద రాజు ఒడిలో ఉన్న వీణకు మెట్లే లేవు. అది విల్లులా వంగిన వాద్యం. పేరు నిలిచింది, ఒళ్లు మారింది. తంజావూరు ఆస్థానంలో మెట్ల అమరిక స్థిరపడి ఉండవచ్చునని ఒప్పుకుంటాను గాని, ఆ మైనం అదిమిన చేతులను ఎవరూ తలచుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఫిడేలు సంగతీ అంతే. ఇటలీలో ఫిడేళ్లు చేసిన గాస్పరో ద సాలో దాన్ని సృష్టించాడని ఒకప్పుడు గట్టిగా చెప్పేవారు. ఆయన పుట్టింది 1540 ప్రాంతంలో, ఇటలీ చిత్రకారుడు గౌదెంజియో ఫెరారీ చిత్రంలో మూడు తీగల ఫిడేలు కనిపించేది 1530 ప్రాంతంలోనే. దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చింది బాలుస్వామి దీక్షితరా, వడివేలా, వరాహప్పయ్యా అన్నది నేటికీ వాదమే. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల వెలిసి, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ ఫిడేలు నేర్పే నాటికి అది పూర్తిగా మన వాద్యమైపోయింది.

కాగితం ఉన్నచోట పేరు నిలుస్తుంది: సాక్సఫోను అడాల్ఫ్ సాక్స్‌ది, 1846 నాటి పేటెంటు ఉంది. కాగితం కోరినా దక్కనివారూ ఉన్నారు. 1608లో కళ్లద్దాలు చేసే లిప్పర్‌షే దూరదర్శినికి పేటెంటు అడిగితే, ఆ విద్య ఇతరులకూ తెలుసునంటూ డచ్చి ప్రభుత్వం నిరాకరించింది.

మళ్లీ గొల్లపల్లి వెళ్లినప్పుడు ఎవరు కనిపెట్టారని అడగను. ఆ మైనంలో ఏమేమి కలుపుతారో, తాతల నాటి పాళ్లకూ ఇప్పటి పాళ్లకూ తేడా ఏమిటో అడిగి రాసుకోవాలని ఉంది.